పేతురు పదో వంతు

అజీజ్‌నగర్,
10 అక్టోబర్ 2025, శుక్రవారం.

తమ్ముడు పేతురుకు అక్క మారెమ్మ వందనాలు చెప్పి రాసేది.

ఇక్కడ నేను, నీ బిడ్డ కృపాజ్యోతి మంచిగున్నం. ఇంట్ల అందరూ మంచిగున్నరని అనుకుంట. చేతుల ఫోనుండంగ ఈ ఉత్తరాలేందక్కా అని మళ్ళ నవ్వుతవు. ఫోన్ల ఏం చెప్పినా "ఊ" అంటవు, తెల్లారి అడిగితే "నేనెప్పుడన్న?" అంటవు. మిషన్ హాస్టల్ల ఐదేండ్లు చదివి నేను నేర్చుకున్నది ఇదొక్కటే, వారానికో ఉత్తరం రాసుడు. నీ బిడ్డ శనివారం ముడిమ్యాల పోనే పోతది, సోమవారం కాలేజీకి రానే వస్తది. ఆమె సంచిల ఒక కాగితం బరువైతదా? ఆడపిల్లలకు బస్సు కిరాయి కూడా లేదాయె.

అసలు సంగతి విను. సర్కారు కాలేజీ ఫీజు కట్టే స్కాలర్‌షిప్ ఉన్నది గద, దానికి దరఖాస్తు నవంబర్ 29 లోపల పెట్టాలెనట. దరఖాస్తు నంబర్ తెచ్చినోళ్ళ ఫీజు సర్కారు చూసుకుంటది. తేనోళ్ళు డెబ్బై వేలు కట్టాలె, లేకుంటే పరీక్షకు కూసోనియ్యమని మొయినాబాద్ కాలేజోళ్ళు ఖరాఖండిగ చెప్పిండ్రు. పిల్ల దగ్గర ఆధార్ ఉన్నది, పదో తరగతి మెమో ఉన్నది, కులం సర్టిఫికెట్ ఉన్నది. నీ ఆదాయం సర్టిఫికెట్ ఒక్కటే గడువు దాటిపోయింది. రేపే చేవెళ్ల పోయి మీసేవల పెట్టు. తహసీల్ ఆఫీసు నుంచి గిర్దావర్ ఇంటికొచ్చి ఎంక్వైరీ చేస్తడు. ఏడాదికి లక్షన్నర దాటొద్దు. నీ ఎకరం కూరగాయల మీద లక్ష మిగిలితే గొప్ప, కాబట్టి నువ్వు అబద్ధం ఆడేది కూడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు.

కానీ ఉన్నదున్నట్టు చెప్పుడే నీకు రాదు. రేషన్ కార్డు ఎంక్వైరీకి వచ్చినాయనకు కోడిని కోసి, బగారన్నం పెట్టి, రెండేండ్లు కార్డు లేకుండ తిరిగినవు. ఇల్లు ఇంత మంచిగుంటే కార్డెందుకని ఆయన రాసుకపోయె. ఈసారి పిల్ల చదువు, యాది పెట్టుకో.

నీ నోటికి తాళం పడాలని రోజూ ప్రార్థన చేసే
నీ అక్క

*

ముడిమ్యాల,
19 అక్టోబర్, ఆదివారం.

అక్క మారెమ్మకు తమ్ముడు పేతురు దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం చదివి నీ మరదలు అంతమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. కోడి సంగతి ఇంకెన్నేండ్లు అంటవక్కా? ఈసారి నీ తమ్ముడు ఎంత హుషారున్నడో విను.

గిర్దావర్ ధనరాజ్ సారు గురువారం వస్తడని తెలిసి, పొద్దుగాలనే బండిని పక్కింటి బిక్షం కొట్టంల దాచిపెట్టిన. టీవీ మీద దుప్పటి కప్పినం. భుజం కాడ చినిగిన అంగి తొడుక్కున్న. అంతమ్మ మెడల గొలుసు రోల్డ్‌గోల్డే, అయినా తీసి బియ్యం డబ్బాల వేసింది. చాయ్ కూడా పొయ్యలె, మంచినీళ్ళే ఇచ్చినం. సారు బోరు సంగతి అడిగిండు, టమాట ధర అడిగిండు, ఏడాదికి లక్షా పదివేలని రాసుకున్నడు. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి. మన పేదరికానికి గాదు, నా యాక్టింగుకు.

ఆడికి అయిపోతే బాగుండు. ఎండ దంచుతున్నదని సారు మన చర్చి వరండల కూసోని కాగితాలు నింపబట్టిండు. నింపుతా నింపుతా తలెత్తి గోడ మీది బోర్డు చదివిండు. "దశమ భాగము చెల్లించువారు" అని పైన, కింద మొదటి పేరు నాదే. పేతురు, నెలకు రూ. 2,000.

"దశమ భాగమంటే ఏంది పేతురూ?" అని అడిగిండు.

అక్కా, నేను సంఘ పెద్దను. తెల్వని మనిషి దేవుని సంగతి అడిగితే నోరు మూసుకుంటనా? వివరంగ చెప్పిన. "మనం సంపాదించిన దాంట్ల పదో వంతు దేవునిది సార్. తొమ్మిదో వంతు గాదు, పదకొండో వంతు గాదు, సరిగ్గ పదో వంతు. దాంట్ల రూపాయి తగ్గించినా దేవుని సొమ్ము దొంగిలించినట్టే" అన్న. ఆయన శ్రద్ధగ విన్నడు. మంచి మనిషి, మనసు మారుతున్నదనుకున్న. జేబుల నుంచి ఫోన్ తీసిండు. రెండు వేలను పదితో గుణించిండు, మళ్ళ పన్నెండుతో గుణించిండు. రెండు లక్షల నలభై వేలు. రాసిన లక్షా పదివేలు కొట్టేసి, "లెక్క తప్పుందా?" అన్నడు.

"లెక్క కరెక్టే సార్" అన్న. ఏం చెయ్యాలె, లెక్క కరెక్టే గద.

సర్టిఫికెట్ ఆగింది. పిల్లకు జర నువ్వే నచ్చజెప్పు. నీకు నెల నెలా సర్కారు పింఛన్ రెండు వేల పదహారు వస్తది, ముసలమ్మలు దాచినట్టు దాస్తవు. పిల్లకు ఒక్క జత బట్టలు కొనియ్యలె, పుస్తకం కొనియ్యలె. ఇయ్యాల రేపు మేనత్తలు గిట్లనే ఉన్నరు.

లెక్కల మంచిగ, బతుకుల ఆగమైన
నీ తమ్ముడు పేతురు

*

అజీజ్‌నగర్,
24 అక్టోబర్, శుక్రవారం.

ఓరి పేతురూ,

వందనాలు తర్వాత చెప్త. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అని బాపు నిన్ను చూసే అనేటోడు. గిర్దావర్‌కు వాక్యం చెప్పినవా? నీ బిడ్డ ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి గోడ దిక్కు తిరిగి పడుకున్నది. రెండు రోజులు సరిగ్గ అన్నం తినలె. "నాయిన దేవుని మాట చెప్తే నా చదువు పోయిందత్తమ్మా, నేనెవరి మీద కోపం చెయ్యాలె?" అని అడిగింది.

ఇప్పుడు చేయాల్సింది విను. చేవెళ్ల ఆఫీసుకు పో. "సార్, నాకు దేవుని మీద ప్రేమ ఎక్కువ, పదో వంతు కన్నా ఎక్కువే ఇస్తున్న" అని చెప్పు. అప్పుడు ఆయన లెక్కల నీ ఆదాయం దిగుతది. నువ్వు నిజంగ ఎంత ఇస్తున్నవో నేను అడగ, నువ్వు నాకు చెప్పకు.

నా పింఛన్ సంగతి నీకెందుకు? దాని ఖర్చు దానికున్నది. ఈ ఆదివారం కూడా దొరల చుట్టాలు ముప్పై మంది వస్తున్నరు, చేపలు, తలకాయ కూర, రెండు తీర్ల పచ్చడి. ఈ ఫాంహౌస్‌ల వంటకు కుదిరి ఏడేండ్లు, ఏడేండ్లల్ల ఒక్క ఆదివారం చర్చికి పోయి ఎరుగ. అయినా నిన్ను కనిపెట్టుకొనే ఉన్న.

కోపంల ఉన్న
నీ అక్క

*

ముడిమ్యాల,
2 నవంబర్, ఆదివారం.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేసిన. "పదో వంతు కన్నా ఎక్కువిస్తున్న సార్" అన్న. "ఎన్నో వంతు?" అన్నడు. అది నువ్వు రాయలేదాయె. నోటికొచ్చిన ఐదో వంతు చెప్పిన. ధనరాజ్ సారు కండ్లద్దాలు తీసి, "పేతురూ, బోర్డు మీద పదో వంతని రాసి ఉన్నది. నువ్వు నోటితో ఐదో వంతంటున్నవు. నేను నీ నోటిని ఫైల్ల పెట్టలేను. బోర్డు తప్పయితే తప్పని మీ పాస్టర్‌తోని రాయించుకరా" అన్నడు.

అక్కా, ఇప్పుడు చెప్పక తప్పదు. నేను ఐదో వంతూ ఇవ్వలె, పదో వంతూ ఇవ్వలె. ఒక్క రూపాయి ఇవ్వలె. కొత్త సంవత్సరం ఆరాధనల ఎవరెంత ఇస్తరో లేచి చెప్పుమన్నరు. ఆ బాలమల్లు పదిహేను వందలని మీసం తిప్పిండు. నాకు ఒళ్ళు మండి రెండు వేలని చెయ్యెత్తిన. ఆ నెలనే టమాట కిలో నాలుగు రూపాయలకు పడ్డది. మనకు తెలుసు గద, పేరు రాసిన కవర్లిస్తరు, నెలకోసారి పళ్ళెంల వేస్తం. నేను ఖాళీ కవర్ అంటించి వేసిన. పది నెలలు, పది ఖాళీ కవర్లు. అడుగుతరు అడుగుతరని భయపడ్డ. ఎవ్వరూ అడగలె. పాస్టర్ అయ్యగారు ఎదురైతే రెండు చేతులెత్తి వందనాలు పెడుతున్నడు. ఆ వందనాలు నాకు ముల్లు గుచ్చినట్టయితున్నయి.

ఈ బుధవారం అయ్యగారి దగ్గరికి పోయి అంతా ఒప్పుకుంట. "పేతురు ఏమీ ఇవ్వలేదు" అని లెటర్‌ప్యాడ్ మీద రాసియ్యుమంట. సంఘ పెద్దగ ఉండను. ఊళ్ళె తలెత్తుకోను. పిల్ల పరీక్ష రాస్తే చాలు.

సిగ్గు విడిచిన
నీ తమ్ముడు

*

అజీజ్‌నగర్,
7 నవంబర్, శుక్రవారం.

తమ్మీ,

అయ్యగారి దగ్గరికి పోకు. నా మాట విను. ఆయనకసలే షుగర్, ఇసొంటివి వింటే తట్టుకోడు. ఆయన భార్య జెన్నీ అమ్మగారికి బీపీ. డెబ్బై వేలు నేను ఇక్కడి దొరసానిని అడుగుత, జీతంల పట్టుకుంటది. బుధవారమే పోతనని రాసినవు, బుధవారం దాటింది గానీ నువ్వు ఏ పని ఎప్పుడు చేస్తనన్నా ఆ రోజు చేసినోనివి గాదు. ఈసారి కూడా చెయ్యకు.

నీ మంచి కోరే
అక్క

*

ముడిమ్యాల,
9 నవంబర్, ఆదివారం.

అక్కా,

బుధవారమే పోయిన. ఒక్కసారన్నా చెప్పిన రోజు చెప్పిన పని చేసిన, అదీ తప్పయింది.

అయ్యగారి ముందర మోకాళ్ళ మీద కూసోని ఏడ్చుకుంట చెప్పిన. ఆయన లేవదీసి, రిజిస్టర్ తెచ్చి, నా ముందర తెరిచిండు. జనవరి నుంచి అక్టోబర్ దాకా నా పేరు ఎదురుంగ ప్రతి నెలా రెండు వేలు. ఒక్క నెల తప్పలె. రసీదు నంబర్లతో సహా.

"నేను కట్టలె అయ్యగారూ" అన్న.

"ఎందుకు పేతురూ, సర్కారు పైసల కోసం దేవుని ముందర అబద్ధమాడుతున్నవ్?" అన్నడు.

నా జీవితంల నేను చెప్పిన నిజాలు తక్కువ, అండ్ల పెద్దది ఇదే. ఎవ్వరూ నమ్ముతలేరు. ఇయ్యాల ప్రసంగంల పేరు తీయకుండనే, ఇచ్చినదాన్ని ఇవ్వలేదనే మనుషులు మన మధ్యల ఉన్నరని అయ్యగారు అర్ధగంట చెప్పిండు. అందరూ నా దిక్కే చూసిండ్రు.

ఇది దేవుని అద్భుతమంటది అంతమ్మ. నాకు మాత్రం బాలమల్లు మీద అనుమానమొచ్చింది. నన్ను చిన్నతనం చెయ్యాలని వాడే కట్టి ఉంటడని మార్కెట్ కాడ వాని అంగి పట్టుకున్న. "అరే పేతురూ, నా దశమ భాగమే నేను కట్టలె, నీది కడతనా?" అన్నడు. వాని మొకం చూస్తే అదీ నిజమే అనిపించింది. ఇద్దరం చాయ్ తాగి ఇంటికొచ్చినం.

అక్కా, ఇరవై రోజులే ఉన్నయి. అయ్యగారు రాసియ్యడు, గిర్దావర్ సంతకం పెట్టడు. ఎవరు కట్టిండ్రో తెలిస్తే కాళ్ళు పట్టుకుంటనో గొంతు పట్టుకుంటనో నాకే తెల్వదు.

దిక్కు తోచని
పేతురు

*

అజీజ్‌నగర్,
14 నవంబర్, శుక్రవారం.

తమ్ముడు పేతురుకు,

కాళ్ళూ వద్దు, గొంతూ వద్దు. నేనే కట్టిన.

ఫిబ్రవరిల, కవర్లు విప్పి లెక్క రాసే జెన్నీ అమ్మగారు ఇక్కడి ఆడోళ్ళ ప్రార్థనకు వచ్చి, నన్ను పక్కకు పిలిచి, "మీ తమ్ముని కవర్ ఖాళీగ వచ్చింది, కమిటీల చెప్తే అందరూ అడుగుతరు" అన్నది. ఆ చర్చి కట్టిననాడు బాపు నెత్తి మీద రాళ్ళు మోసిండు. ఆయన కొడుకును అందరి ముందర నిలబెట్టి, ఏదిరా పైసలని అడుగుతరా? నాకు మనసొప్పలె. జనవరిది, ఫిబ్రవరిది ఆడికాడనే ఇచ్చిన. నీకు చెప్పొద్దని, అయ్యగారికి కూడా చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న. అప్పటిసంది నెల నెలా నా పింఛన్ ఆమె చేతుల పెడుతున్న. ఇంకో మాట కూడా చెప్త. నేను పోలేని చర్చిల నా పైసలన్నా కూసుంటున్నయిలే అనుకున్న. నీ మీద ప్రేమ సగం, నా ఆశ సగం.

రెండు వేల పదహారుల రెండు వేలు అటు పోతే, మిగిలిన పదహారు రూపాయలతోని నేనేం జల్సాలు చేసిన్నో నువ్వే లెక్క గట్టు. నువ్వు ముసలమ్మలు దాచినట్టు అని రాసిన రోజు నాకు ఏడుపొచ్చింది. రాత్రికి తగ్గింది.

చూసినవా తమ్మీ, పేదరాలివని సర్కారు నాకిచ్చిన పైసలే, నువ్వు ఉన్నోనివని సర్కారుకు సాక్ష్యం చెప్పినయి.

దీంతోపాటు వేరే కాగితం పెడుతున్న. గిర్దావర్ సారుకు ఇయ్యి. అండ్ల "ఆ పైసలు నా తమ్మునివి గావు, మారెమ్మ అనే నేను నా పింఛన్ల నుంచి కట్టిన" అని రాసి సంతకం పెట్టిన. వేలిముద్ర గాదు, సంతకం. జెన్నీ అమ్మగారికి ఫోన్ చేసి ఒట్టు విప్పిన, అయ్యగారికి ఆమే చెప్తది.

దాచి తప్పు చేసిన
అక్క

*

ముడిమ్యాల,
23 నవంబర్, ఆదివారం.

అక్కా,

నేను నిన్ను అన్న మాట వాపస్ తీసుకునే మీసేవ యాడన్నా ఉన్నదా? అంతమ్మ నాతోని నాలుగు రోజులు మాట్లాడలె. న్యాయమే.

నీ కాగితం ధనరాజ్ సారు రెండుసార్లు చదివిండు. చదివి, "మీ ఇంట్ల ఉన్నదున్నట్టు చెప్పేటోళ్ళు ఒక్కరన్నా లేరా? నువ్వేమో ఇవ్వనిది ఇచ్చిన్నంటవు, మీ అక్కేమో ఇచ్చినది చెప్పనే చెప్పదు" అన్నడు. తర్వాత, "కాగితం బాగున్నది, కానీ గోడ మీద ఇంకా నీ పేరే ఉన్నది. అది సరిచేసి ఫోటో తీసి ఫైల్ల పెట్టాలె" అన్నడు. అయ్యగారు కూడా నాకు క్షమాపణ చెప్పి, పెయింటర్‌ను పిలిపించిండు. నా పేరు చెరిపి నీ పేరు రాసిండ్రు. నిచ్చెన నేనే పట్టుకున్న. మారెమ్మ, నెలకు రూ. 2,000. నీలం రంగు.

గురువారం సర్టిఫికెట్ వచ్చింది, లక్షా పదివేలు. నిన్న పిల్లను తీసుకొని చేవెళ్ల నెట్ సెంటర్‌కు పోయి దరఖాస్తు పెట్టించిన. నంబర్ వచ్చింది. పిల్ల ఆ కాగితాన్ని బస్సుల చేతులనే పట్టుకొని కూసున్నది, సంచిల కూడా పెట్టలె. పరీక్ష రాస్తది అక్కా. ఇయ్యాల ఆరాధనల లేచి, ఖాళీ కవర్లు నావే అని అందరికీ చెప్పిన. నాతోపాటు ఇంకో ముగ్గురు తల వంచుకున్నరు. బాలమల్లు అయితే బయటికే పోయిండు.

ఇప్పుడొక చిక్కున్నది. డిసెంబర్ ఒకటి, సోమవారం, మనూళ్ళె పింఛన్ల తనిఖీ. వచ్చేది ఈ ధనరాజ్ సారే. నన్ను పక్కకు పిలిచి, "పేతురూ, ఆ రోజు ఆ బోర్డు మీద మీ అక్క పేరు నా కంట్ల పడితే నేను మళ్ళ పదితోని గుణించాలె. ఆమె పింఛన్ పోతది. కంట్ల పడకపోతే గుణించ" అన్నడు. "మరి ఫోటో ఫైల్ల ఉన్నది గద సార్" అన్న. "అది వేరే ఫైలు" అన్నడు.

అయ్యగారు కూడా సరేనన్నడు. శనివారం పొద్దుగాల బోర్డుకు సున్నం వేయిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు. ఇగ నుంచి నీ పింఛన్ నీదే, నా కవర్ నేను చూసుకుంట.

నీకు అన్ని విధాల బాకీ ఉన్న
తమ్ముడు పేతురు

*

అజీజ్‌నగర్,
28 నవంబర్, శుక్రవారం.

తమ్ముడు పేతురుకు,

కృప దరఖాస్తు నంబర్ కాలేజీల ఇచ్చింది. వాళ్ళు తీసుకున్నరు. నిన్న రాత్రి రెండు పళ్ళేల అన్నం తిన్నది. దేవునికి స్తోత్రం.

సున్నం సంగతి రాసినవు. పింఛన్ పోగొట్టుకునేంత మంచిదాన్ని గాదు నేను, వేయించు. కానీ శనివారం వద్దు. ఈ ఉత్తరం పట్టుకొని కృప మొదటి బస్సుకే వస్తది, పెయింటర్‌ను ఆపు.

పిల్ల ఆ ఫోటో ఫోన్ల చూపించింది. వేలుతో పెద్దగ చేస్తే అక్షరాలు చెదిరిపోతున్నయి, చిన్నగ చేస్తే నా కండ్లకు ఆనుతలేవు. నా మొగుని భూమి ఆయన అన్నదమ్ముల పేరు మీద పోయింది. రేషన్ కార్డు నీ పేరు మీదున్నది. ఈ ఫాంహౌస్ జీతం పుస్తకంల "వంటామె" అని రాస్తరు. అరవై రెండేండ్లు వచ్చినయి నాకు, నా పేరు గోడ మీద ఎవరన్నా రాసుడు ఇదే మొదటిసారి.

ఆదివారం దొరల ఇంట్ల నలభై మందికి దావత్ ఉన్నది. నేను వండనని ఇయ్యాల పొద్దుగాల దొరసానికి చెప్పిన. పనిల నుంచి తీసేస్తనన్నది. తీసేస్తే తీసెయ్యమ్మా అన్న. ఆమే లోపలికి పోయింది.

ఆదివారం పదింటి ఆరాధనకు వస్తున్న. నేనొచ్చేదాకా ఆ బోర్డు మీద ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యకు. పెయింటర్‌ను సున్నం కలుపుకొని పక్కకు కూసోమను. నాకెంతోసేపు పట్టదు.

మారెమ్మ